ఎల్లారెడ్డి నుంచి దవాఖాన దాకా

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి విమానంలో పోతే సున్నా పాయింట్ సున్నా నాలుగు గంటలు పడుతుందని అల్లుడు మహేందర్ ఫోన్‌లో చూసి చదివినప్పుడు ప్రమీలమ్మ చేతిలో చాయ్ కప్పు ఉంది. ఆమె దాన్ని మెల్లగా కింద పెట్టింది. నవ్వొచ్చినా కోపమొచ్చినా చేతిలో వేడి వస్తువు ఉండొద్దనేది ఆమె తనకు తాను పెట్టుకున్న నియమం. చాయ్ ఒలికి చెయ్యి కాలితే, కాలిన చోట బొబ్బ లేస్తే, బొబ్బ పగిలి చీము పడితే, అక్కడిదాకా ఆమె ఆలోచన ఎప్పుడో పోయి వచ్చేసింది.

"ఇంకోసారి చదువు," అంది.

"సున్నా పాయింట్ సున్నా నాలుగు గంటలు అత్తమ్మ. అంటే రెండున్నర నిమిషాలు. దూరం ముప్పై ఆరు కిలోమీటర్లు."

"ఎల్లారెడ్డిల విమానం ఏడ ఎక్కాలె? మార్కెట్ యార్డులనా?"

"విమానం ముచ్చట ఊకెనే రాసిండ్రు. అది ఇడిసిపెట్టండి. అసలు సంగతి కిలోమీటర్లు. ముప్పై ఆరు. నా కారు అరవై మీద పోయినా ముప్పై ఆరు నిమిషాలు. డాక్టరమ్మ గంట అన్నది కదా, ఇంకా ఇరవై నాలుగు నిమిషాలు మిగులుతయి."

మిగిలిన ఇరవై నాలుగు నిమిషాలను జేబులో వేసుకున్నవాడిలా మహేందర్ సోఫాలో వెనక్కి ఒరిగాడు. అతను కామారెడ్డిలో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతాడు. ఫోన్‌కు తెలియనిది లోకంలో ఏదీ లేదని అతని నమ్మకం. తనకు తెలియనిది ఏదైనా ఉందేమోనని మాత్రం అతనికి ఎన్నడూ అనుమానం రాలేదు.

కామారెడ్డిలో వియ్యపురాలు వనజ ఇంట్లో, కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున జరిగిన ముచ్చట ఇది. ప్రమీలమ్మ, ఆమె పెనిమిటి కిష్టయ్య పొద్దుటి బస్సుకు ఎల్లారెడ్డి నుంచి వచ్చారు. కూతురు సుష్మితకు ఏడో నెల. నెల నిండకముందే శ్రీమంతం చేసి, ఒడి నింపి, మొదటి కాన్పుకు తల్లిగారింటికి తీసుకుపోవాలి. ఎనిమిదో నెల పడితే గడప దాటనివ్వరు. ఈ పద్ధతిని ప్రమీలమ్మ ఎన్నడూ కాదన్నది లేదు. తాను కూడా అట్లనే తల్లిగారింటికి పోయి కన్నది. కానీ పది రోజుల కింద స్కానింగ్ తీసిన డాక్టరమ్మ మాయ కిందికి ఉందని చెప్పింది. నెలలు నిండేసరికి అది పైకి జరగొచ్చు, జరగకపోవచ్చు. ఈ లోపల ఎర్రగా ఒక్క చుక్క కనబడ్డా గంటలోపల దవాఖానలో ఉండాలి, గంటలోపల రాగలిగితే ఎక్కడున్నా పర్వాలేదు అన్నది.

ఆ దవాఖాన కామారెడ్డిలో ఉంది. వనజ ఇంటి నుంచి పది నిమిషాల నడక. తల్లిగారిల్లు ఎల్లారెడ్డిలో ఉంది. అంటే దవాఖాన పక్కన ఉన్న పిల్లను పద్ధతి కోసం దవాఖానకు దూరం తీసుకుపోవాలి. పది రోజుల నుంచి ఈ సంగతి ప్రమీలమ్మను అన్నం తిననియ్యడం లేదు. మహేందర్‌కు మాత్రం అదొక లెక్క. లెక్క చేశాడు, జవాబు వచ్చింది, అయిపోయింది.

"ముప్పై ఆరు అంటున్నవ్," అంది ప్రమీలమ్మ. "ఏడికెళ్లి ఏడికి?"

"ఎల్లారెడ్డికెళ్లి కామారెడ్డికి."

"ఎల్లారెడ్డి అంటే ఎల్లారెడ్డిల ఏది? బస్టాండా, తహసీల్ ఆఫీసా? మా ఇల్లు ఊరు దాటినంక పొలాల కాడ ఉన్నది. మట్టి తొవ్వ. అది రాసిండ్రా అండ్ల?"

మహేందర్ వేలితో ఫోన్‌ను పైకీ కిందికీ తోశాడు. "అంత వివరం ఉండదు అత్తమ్మ."

"పోనీ, ఆ ముప్పై ఆరు రోడ్డు మీదనా, విమానం పోయే తొవ్వలనా? బస్సుల కండక్టరమ్మను అడుగు, నలభై దాటించి చెప్తది. గాలిల కొలిస్తే ముప్పై ఆరు అయితది. నా బిడ్డ కొంగ కాదు ఎగిరి వచ్చేతందుకు."

ఏడో తరగతితో బడి మానేసిన మనిషి నోట ఇంత మాట వచ్చేసరికి మహేందర్ ముఖంలో ఒక చిన్న నవ్వు మెదిలింది. పెద్దవాళ్లు పొరపాటున సరైన మాట అన్నప్పుడు చదువుకున్నవాళ్లు నవ్వే నవ్వు అది. ప్రమీలమ్మ ఆ నవ్వును చూసింది, గుర్తుపెట్టుకుంది.

"108 ఉన్నది కదా," అన్నాడు.

"అది కూడ ఇదే రోడ్డు మీదికెళ్లి రావాలె కదా బిడ్డా. దానికేమన్న రెక్కలున్నయా?"

వంటింటి తలుపు దగ్గర నిలబడి వింటున్న వనజ ముందుకొచ్చింది. "వదినా, నువ్వు ప్రతిదానికి గిట్ల ఫికర్ చేస్తే ఎట్ల? లోకంల ఎవ్వల బిడ్డ కాన్పుకు పోతలేదా? అసలు నీకు ఇంతకు ముందట ఏమన్న అయ్యిందా ఇంత భయపడేతందుకు?"

ఈ మాట ప్రమీలమ్మను జీవితంలో చాలామంది అడిగారు. పిల్లలను బావి దిక్కు పోనియ్యనప్పుడు అడిగారు. కరెంటు మోటర్ దగ్గర చెప్పులు లేకుండా నిలబడ్డ కిష్టయ్యను తిట్టినప్పుడు అడిగారు. ముందర ఏదో ఘోరం జరిగితే తప్ప మనిషికి భయపడే హక్కు లేదన్నట్టు అడుగుతారు.

"ఏం కాలేదు వదినా," అంది. "కాకముందే భయపడుతున్న. అయినంక భయపడి ఏం చేస్త?"

వనజ మూతి తిప్పుకుంది. వనజకు పద్ధతి మీద ఉన్న ప్రేమలో సగం, పని తప్పించుకోవడం మీద ఉన్న ప్రేమ అని ప్రమీలమ్మ బిడ్డ పెండ్లయిన రెండో నెలలోనే కనిపెట్టింది. వేడినీళ్లు కాచి పొయ్యాలి, పథ్యం వండాలి, బాలింత బట్టలు ఉతకాలి. అవన్నీ ఎల్లారెడ్డికి పోతే వనజ మోకాళ్లకు విశ్రాంతి. దానికి ఆమె పెట్టుకున్న పేరు మొదటి కాన్పు తల్లిగారింట్ల.

సుష్మిత ఈ మాటలన్నీ అరుగు మీద కూర్చుని సీతాఫలం తింటూ వింది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

"మంచిగుంది అల్లుడా," అంది ప్రమీలమ్మ లేస్తూ. "ముప్పై ఆరు నిమిషాలు అంటున్నవ్ కదా. వచ్చే గురువారం కారు తీస్కొని మా ఇంటికి రా. మా వాకిట్లకెళ్లి దవాఖాన గేటు దాకా తీస్కపో."

"సుష్మినా?"

"నా బిడ్డను కాదు. నన్ను."

*

గురువారం పదకొండింటికి మహేందర్ ఎల్లారెడ్డికి వచ్చాడు. వచ్చేటప్పుడు ఎంతసేపు పట్టిందని అడిగితే దారిలో ఫోన్లు వచ్చాయని, సరిగ్గా చూసుకోలేదని చెప్పాడు. ప్రమీలమ్మ ఇంట్లోకి పోయి, పెద్ద స్టీలు గిన్నెను అంచుదాకా నీళ్లతో నింపి, రెండు చేతులతో పట్టుకుని వచ్చి కారు వెనక సీటులో కూర్చుంది. గిన్నెను ఒడిలో పెట్టుకుంది.

మహేందర్ అద్దంలోంచి చూశాడు. "ఇదేంది అత్తమ్మ?"

"కడుపు."

"ఏంది?"

"నీ పెండ్లాం కూసున్నదనుకో. ఏడో నెల కడుపుతోని. నీళ్లు ఒలికితే పిల్ల అదిరినట్టు. ఒలకకుంట ఎంత జోరుగ పోతవో పో. నేనేం అనను."

వాకిట్లో నిలబడ్డ కిష్టయ్య తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో నవ్వు ఆపుకోవడానికి అతను నేర్చుకున్న ఉపాయం అది.

మట్టి తొవ్వ మీద మొదటి గుంతలోనే పావు గిన్నె నీళ్లు ప్రమీలమ్మ చీర కుచ్చిళ్ల మీద పడ్డాయి. మహేందర్ బ్రేకు తొక్కాడు. ఆ తొక్కుడుకు ఇంకో గుక్కెడు పడ్డాయి. ప్రమీలమ్మ అన్నట్టే ఏమీ అనలేదు. సీటు పక్కనున్న నీళ్ల బాటిల్‌లోంచి గిన్నెను మళ్లీ అంచుదాకా నింపింది. ఆ తర్వాత మహేందర్ కారును ఎడ్లబండి కంటే మెల్లగా నడిపాడు. తారు రోడ్డు ఎక్కేసరికే పదిహేను నిమిషాలు అయ్యాయి.

రోడ్డు ఎక్కాక వడ్లు. ఆ నెలలో రోడ్డు సగం బండ్లది, సగం వడ్లది. ఎవరి పొలం ముందర వాళ్లు రోడ్డు మీద ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెట్టుకుంటారు. మొదటి కుప్ప దగ్గర ఎదురుగా ట్రాక్టర్ వచ్చింది. రెండింటికీ చోటు లేదు. మహేందర్ వెనక్కి తీయాల్సి వచ్చింది.

"రోడ్డు వీళ్ల అబ్బదనుకుంటరు," అన్నాడు. "ఇంత పెద్ద రాళ్లా? ఎవ్వలియో ఈ వడ్లు."

"మాయే," అంది ప్రమీలమ్మ.

మహేందర్ అద్దంలోకి చూడలేదు.

"మీ మామకు ఏండ్ల సంది చెప్తున్న రోడ్డు మీద పొయ్యకని. ఎవలో ఒకలు రాత్రి బండి మీద వచ్చి రాయికి కొట్టుకొని పడ్తరని. వింటడా? పంచాయతోళ్లు చెప్పినా వినడు. రేపు ఆయన బిడ్డనే తీస్కపోయే బండికి ఆయన వడ్లే అడ్డం. గిది రాసి ఉన్నదా నీ ఫోన్ల?"

తర్వాత లింగంపేట. వడ్ల కొనుగోలు కేంద్రం ముందర ట్రాక్టర్లు రోడ్డు మీది దాకా వరసగట్టి నిలబడ్డాయి. డ్రైవర్లు కిందికి దిగి చెట్టు కింద పేకాట ఆడుతున్నారు. మహేందర్ హారన్ కొట్టాడు. ఒకతను ముక్కలు చేతిలో పట్టుకునే తలెత్తి చూసి, మళ్లీ ఆటలో పడ్డాడు. అవి కదిలి ఒక్క కారు పట్టేంత సందు దొరికేసరికి మహేందర్ తన దుకాణంలో అమ్మే అన్ని కంపెనీల పేర్లూ పెట్టి తిట్టుకున్నాడు. తాడ్వాయి దాటాక ముందర వరికోత మిషన్. అది రోడ్డంతా తనదే అన్నట్టు పోతోంది. పక్కకు జరగదు, జోరు పెంచదు. దాని వెనక రెండు బస్సులు, ఒక డీసీఎం వ్యాన్, వాటి వెనక మహేందర్. ప్రమీలమ్మ ఒడిలోని గిన్నెలో నీళ్లు నిమ్మళంగా ఉన్నాయి. నిమ్మళంగా ఉండక ఏం చేస్తాయి, కారు కదిలితే కదా.

మిషన్ మలుపు తిరిగి పొలాల్లోకి దిగాక మహేందర్‌కు ఉక్రోషం వచ్చింది. ఒక్కసారిగా తొక్కాడు. స్పీడ్ బ్రేకర్ కనబడలేదు. గిన్నెలో నీళ్లన్నీ లేచి ప్రమీలమ్మ ఛాతీ మీద, సీటు మీద, కింద పరిచిన కొత్త మ్యాట్ మీద పడ్డాయి.

ప్రమీలమ్మ కొంగు పిండుకుంటూ, "ఆగాలె," అంది. "పిల్లకు రక్తం పోతున్నది."

ఆ మాట ఆమె నవ్వులాటకే అన్నది. కానీ అన్నాక కారులో ఇద్దరికీ నవ్వు రాలేదు. మహేందర్ కారును పక్కకు తీసి ఆపాడు. దిగి, బాటిల్‌లో మిగిలిన నీళ్లు తానే గిన్నెలో పోశాడు. సగమే నిండింది. కామారెడ్డి దాకా మళ్లీ జోరుగా తోలలేదు.

దవాఖాన గేటు ముందర ఆగినప్పుడు ఫోన్ చూసుకున్నాడు. గంటా నలభై రెండు నిమిషాలు.

"ఇది వడ్ల సీజన్ అత్తమ్మ," అన్నాడు నెమ్మదిగా. "నెలైతే ఏముండయి."

"నెలైనంక చెరుకు బండ్లుంటయి. అవి ఇంక పెద్దయి." ఆమె గిన్నెలో మిగిలిన నీళ్లను గేటు పక్కనున్న గన్నేరు మొదట్లో పోసింది. "అయినా మాయ నీ సీజన్ చూసుకొని రక్తం కారుస్తదా?"

మహేందర్ మంచివాడే, ప్రమీలమ్మ అతని గురించి చెడు ఏమీ అనదు. మెదడు జేబులో పెట్టుకుని తిరుగుతాడు, అంతే.

*

దవాఖాన నుంచి ఇద్దరూ ఇంటికి చేరగానే మహేందర్ తల్లితో సుష్మితను ఇక్కడే ఉంచుదామన్నాడు. వనజ బియ్యం చేట కింద పెట్టేసింది.

"మొదటి కాన్పు అత్తగారింట్లనా? రేపు నలుగురు ఏమంటరురా? తల్లిగారు దిక్కులేని పిల్లను చేసుకున్నమా? ఇంత అన్నం పెట్టుకోలేక వదిన ఈడనే పడేసి పోయిందంటరు. నన్నేమో పిల్లను తల్లిగారింటికి కూడ పంపలేదు రాక్షసి అంటరు."

"ఒక్క గంట దాటితే పానం మీదికి వస్తదంటున్నరు వదినా," అంది ప్రమీలమ్మ. తడిసిన చీర ఇంకా ఆరలేదు.

"ఏం రాదు. దేవుడున్నడు."

"ఉన్నడు. ఆయన కూడ లింగంపేట కాడ ట్రాక్టర్ల వెనుకనే ఆగుతడు."

వనజ చెంపలు వేసుకుంది. వియ్యపురాలి నోటికి భయపడి కాదు, దేవుడు వింటాడని. ఇంట్లో ఉండి చూసుకోమని ప్రమీలమ్మను ఆమె అడగలేదు. అడిగినా ప్రమీలమ్మ ఉండేది కాదు. బిడ్డను ఇచ్చిన ఇంట్లో పూట భోజనం చేయడానికే తల్లికి మెతుకు దిగదు, అలాంటిది మూడు నెలలు ఎట్లా ఉంటుంది? ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసి ఇద్దరూ గోడకున్న క్యాలెండర్ దిక్కు చూశారు. ఎనిమిదో నెలకు పదకొండు రోజులున్నాయి.

బస్టాండుకు పోయే దారిలో ప్రమీలమ్మ దవాఖాన వెనక గల్లీలో ఆగింది. ఒక ఇంటి తలుపు మీద సుద్దముక్కతో 'రూం కిరాయికి' అని రాసి ఉంది. ఆ ఇల్లు గౌరవ్వ అనే ముసలామెది. ఒక గది, దాని వెనక వంట చేసుకునేంత చోటు, బయట నల్లా. ప్రమీలమ్మ గదిలోకి పోయి ముందు పైకి చూసింది, ఫ్యాన్ కొక్కెం తుప్పు పట్టిందా అని. తర్వాత కింద చూసింది, బండలు జారుతాయా అని. తర్వాత గడప దగ్గర నిలబడి దవాఖాన గేటు దాకా అడుగులు వేస్తూ పోయి వచ్చింది. నిండు కడుపుతో ఉన్న పిల్ల అడుగులు ఎంత చిన్నవి ఉంటాయో అంత చిన్నగా వేసింది. నాలుగు వందల పది అడుగులు.

"ఎవలికమ్మ?" అని అడిగింది గౌరవ్వ.

"నాకే. నా బిడ్డకు తల్లిగారిల్లు కావాలె."

గౌరవ్వ ఆమెను కిందికీ పైకీ చూసింది. "నువ్వు తల్లివి కాదా?"

"నేను తల్లినే. ఇల్లే తక్కువైంది."

ఎల్లారెడ్డిలో కిష్టయ్య ఈ మాట విని చేతిలోని పలుగు కింద పెట్టలేదు. "మూడు నెలలా? మరి నేను?"

"వడ్ల కాడ ఉండు. రోడ్డు మీద రాళ్లు జరుపుకుంట ఉండు."

"అన్నం ఎవలు వండుతరే?"

"ముప్పై ఏండ్లు తిన్నవ్, ఎట్ల వండుతరో చూడలేదా? కుక్కర్‌ల పోసి మూత పెట్టుడే. రబ్బరు సరిగ్గ పెట్టు, లేకుంటే పేల్తది. గ్యాస్ ఆపి పండుకో. ఆపినంక ఇంకోసారి చూడు."

వంట గురించి ఆమె చెప్పిన మాటల్లో వండటం కంటే పేలడమే ఎక్కువ ఉంది. కిష్టయ్య ఆమె లేనన్ని రోజులూ హోటల్ నుంచి తెచ్చుకుని తిన్నాడు.

వనజ చివరి ప్రయత్నంగా గుడి అయ్యగారిని అడిగింది, అద్దె రూమును తల్లిగారిల్లు అంటారా అని. కాదంటాడని ఆమె ధైర్యం. ఆయన పంచాంగం కూడా తెరవలేదు. తల్లి ఎక్కడ పొయ్యి ముట్టించి పిల్లకు వండిపెడితే అదే తల్లిగారిల్లు, పొలిమేర దాటాలని ఎక్కడా లేదన్నాడు. వనజ ఆయనకు ఆ రోజు చాయ్ ఇవ్వలేదు.

ఏడో నెల నిండడానికి మూడు రోజుల ముందర ప్రమీలమ్మ ఎల్లారెడ్డి నుంచి తన పొయ్యి, తన ఇంటి బియ్యం, దేవుడి పటం తెచ్చి గౌరవ్వ ఇంట్లో పెట్టింది. పాలు పొంగించింది. గడపకు పసుపు రాసింది. వనజ ఇంట్లో శ్రీమంతం చేసి, ఒడి నింపి, పిల్ల వెనక్కి ముఖం తిప్పకుండా బయటికి తీసుకొచ్చింది. సుష్మిత కొత్త పట్టుచీరలో, రెండు చేతుల నిండా గాజులతో, మొగుణ్ని విడిచి తల్లిగారింటికి పోతున్న పిల్లలాగే ఏడవబోయింది. అంతలోనే తల్లిగారిల్లు వచ్చేసింది. ఏడుపు సగంలో ఆగిపోయి ఎక్కిళ్లు వచ్చాయి.

వాకిట్లో నిలబడ్డ వనజ, "నాలుగు గల్లీల అవతల తల్లిగారిల్లు. జనం నవ్వుతరు వదినా," అంది.

"నవ్వనియ్. నవ్వేటోళ్లకు రక్తం ఎక్కించే పని లేదు కదా."

జనం నిజంగానే నవ్వారు. నల్లా దగ్గర ఆడవాళ్లు సుష్మితను చూసి, 'ఏ ఊరమ్మ మీది' అని అడిగేవాళ్లు. ఎల్లారెడ్డి అంటే, 'మరి తల్లిగారిల్లు ఈ గల్లీలకు ఎప్పుడొచ్చింది' అనేవాళ్లు. ప్రమీలమ్మ వాళ్లకు జవాబు చెప్పేది కాదు. ఆమెకు తీరిక లేదు. స్నానాల గదిలో బండల మీద గోనె సంచులు పరిచింది. మంచం గోడ దిక్కు జరిపింది, మళ్లీ గోడలో తేమ ఉందని ఇవతలికి జరిపింది. రోజుకు నాలుగుసార్లు కూతురిని ఒకే మాట అడిగేది.

"ఏమన్న కనబడ్డదా?"

"లేదమ్మ."

"చూసి చెప్పు."

"చూసే చెప్తున్న. నువ్వు గిట్ల అడిగి అడిగి నాకే రక్తపోటు తెప్పిస్తున్నవ్."

ఆ మాటతో ప్రమీలమ్మ మరుసటి రోజు బీపీ చూపించడానికి తీసుకుపోయింది. నార్మల్ ఉంది. నార్మల్ అని రాసిన చీటీని ఆమె దేవుడి పటం వెనక పెట్టింది. ఆ నార్మల్ ఆ ఒక్క రోజుదేనని, రేపటికి పనికిరాదని ఆమెకు తెలుసు.

తొమ్మిదో నెలలో స్కానింగ్ తీశారు. మాయ పైకి జరిగిందని డాక్టరమ్మ చెప్పింది. ఇక భయం లేదంది. ప్రమీలమ్మ గదికి చేరేలోపే ఆ మాట వనజకు చేరింది. గంటలో మహేందర్ వచ్చాడు, తల్లి మాట మోసుకుని.

"అత్తమ్మ, అమ్మ ఏమంటున్నదంటే, ఇగ మాయ సరైంది కదా, ఎల్లారెడ్డికే పొమ్మంటున్నది. పేరుకన్న ఉంటదని."

"నువ్వేమంటున్నవ్?"

మహేందర్ ఫోన్ తీయలేదు. "నన్నడిగితే వద్దంట," అన్నాడు నేల దిక్కు చూస్తూ. "కానీ అమ్మకు చెప్పకండి నేనన్ననని."

ప్రమీలమ్మ అతనికి రెండు గారెలు పెట్టింది. అల్లుడికి ఆమె మనసారా ఏదైనా పెట్టడం అదే మొదటిసారి.

*

నొప్పులు ఒక బుధవారం తెల్లారంగ ఐదింటికి మొదలయ్యాయి. ప్రమీలమ్మ అప్పటికే లేచి ఉంది. ఆమె రెండు నెలలుగా నాలుగింటికే లేస్తోంది. సంచి సర్ది ఉంది. తలుపు గడియకు నూనె వేసి ఉంది. కూతురిని లేపి, నడిపించుకుంటూ దవాఖానకు తీసుకుపోయింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. నర్సమ్మ చూసి, ఇంకా చాలా టైముంది, ఇంత తొందరగా ఎందుకొచ్చారంది.

ఆ చాలా టైము నిజంగానే చాలా అయింది. ఎనిమిదింటికి వనజ, మహేందర్ వచ్చారు. పదకొండింటికి కిష్టయ్య ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చాడు. చాయ్ తాగి, బయట చెట్టు కింద ఒక నిద్ర తీశాడు. రెండింటికి వనజ ఇంటికి పోయి అన్నం తిని వచ్చింది. నాలుగింటికి కూడా ఏమీ కాలేదు. నొప్పులు వస్తున్నాయి, పోతున్నాయి. ప్రమీలమ్మ లేబర్ రూం తలుపు దగ్గర నిలబడి, లోపలి నుంచి వచ్చే ప్రతి చప్పుడుకూ ఒక చావును ఊహించుకుని, మళ్లీ దాన్ని మింగింది. ఆమె ఏమీ తినలేదు. కిష్టయ్య తెచ్చిన అరటిపండు చేతిలోనే నల్లబడింది.

ఏడు గంటలకు ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలు. తల్లీ పిల్లా క్షేమం. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, మామూలు కాన్పు, ఏ ఇబ్బందీ లేదు అంది.

వనజ బెంచీ మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటూ వేళ్ల మీద లెక్క పెట్టింది. "ఐదింటికెళ్లి ఏడు దాకా. పద్నాలుగు గంటలు. వదినా, ఇంతసేపట్ల ఎల్లారెడ్డికెళ్లి నడుచుకుంట వచ్చినా అందేది. రెండు నెలల సంది గల్లీల పడి ఉంటివి, అన్నను హోటల్ పాలు చేస్తివి, నలుగురిల నవ్వులపాలైతిమి. ఏమైంది చివరికి?"

కిష్టయ్య తువ్వాల విప్పి చుట్టుకున్నాడు. మహేందర్ తల్లి దిక్కు చూసి, "ఊకో అమ్మ," అన్నాడు.

"ఎందుకు ఊకోవాలె? నేను అబద్ధం చెప్తున్ననా? ఏమైంది అని అడుగుతున్న."

ప్రమీలమ్మ తలుపు తోసుకుని లోపలికి పోయింది. సుష్మిత కండ్లు మూసుకుని ఉంది. జుట్టు నుదురుకు అంటుకుంది. పక్కన పసిపిల్ల తెల్లటి గుడ్డలో పిడికిళ్లు బిగించి పడుకుంది.

సుష్మిత కండ్లు తెరిచింది. బయటి మాటలు ఆమెకు కూడా వినబడ్డాయి.

"అమ్మ," అంది నీరసంగా. "అత్తమ్మ అన్నది నిజమే కదా. ఏం కాలేదు."

"ఏం కాలేదని ఇప్పుడు తెలిసింది. పొద్దుగాల తెల్వదు."

సుష్మిత కండ్లల్లో నీళ్లు తిరిగాయి. తల్లిగారింటికి వచ్చిన రోజు సగంలో ఆగిపోయిన ఏడుపు కాదు అది, వేరేది. చెయ్యి చాపి తల్లి కొంగు పట్టుకుంది.

ప్రమీలమ్మ మంచం అంచున కూర్చుని, పిల్ల ముక్కు కింద వేలు పెట్టి చూసింది. ఊపిరి వెచ్చగా తగిలింది. మళ్లీ పెట్టి చూసింది. బయట వనజ, రేపే బాలింతను ఎల్లారెడ్డికి తీసుకుపొమ్మని కిష్టయ్యకు చెబుతోంది. ప్రమీలమ్మ తలుపు దిక్కు తల తిప్పకుండానే, లోపలికి వచ్చిన మహేందర్‌తో, "గౌరవ్వకు చెప్పిరా బిడ్డా," అంది. "ఇంకో మూడు నెలలు ఖాళీ చేస్తలేనని. పిల్ల మెడ నిలబడేదాక ఆ రోడ్డు మీద దీన్ని పెట్ట."

మహేందర్ ఈసారి కిలోమీటర్ల లెక్క చెప్పలేదు. చెప్పులేసుకుని పోయాడు.